సైనిక కుటుంబాలకు మోనార్క్ సీతాకోకచిలుకల సర్వే ఇంటర్న్‌షిప్: చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సిరి_జంక్షన్‌సిటీ

అందరికీ నమస్కారం. మా ఆయన యూఎస్ ఆర్మీలో ఉన్నారు. ప్రస్తుతం కాన్సాస్‌లో, ఫోర్ట్ రైలీ ఆర్మీ బేస్ పక్కన ఉంటున్నాం. నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. విజయనగరంలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేశాను. పెళ్లయ్యాక ట్రాన్స్‌ఫర్ మీద ట్రాన్స్‌ఫర్, తర్వాత పాప. ఉద్యోగం అన్నమాటే లేదు.

స్పౌజ్‌ల గ్రూపులో ఒకావిడ ఒక ప్రకటన పెట్టారు. సర్వీసులో ఉన్నవాళ్లు, మాజీ సైనికులు, వాళ్ల భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు, ఇలా మిలటరీతో సంబంధం ఉన్నవాళ్ల కోసం ప్రకృతి పరిరక్షణ ఇంటర్న్‌షిప్ అట. మోనార్క్ సీతాకోకచిలుకలను, అవి గుడ్లు పెట్టే మిల్క్‌వీడ్ మొక్కలను లెక్కపెట్టడం పని. చదవగానే మనసు అటే లాగింది. కాలేజీలో హెర్బేరియం షీట్లు తయారుచేసిన రోజుల తర్వాత నా చదువుకు దగ్గరగా వచ్చిన పని ఇదొక్కటే.

కానీ టెన్షన్‌గా కూడా ఉంది. రోజంతా నిజంగా ఏం చేయిస్తారు? ఇండియాలో చేసిన మూడేళ్ల డిగ్రీని లెక్కలోకి తీసుకుంటారా? మధ్యలో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే ఏమవుతుంది? మా ఆయన వెళ్లమనే అంటున్నారు. అత్తయ్యగారు మాత్రం “ఎండలో పడి పురుగులు లెక్కపెట్టడం ఏంటమ్మా” అని దిగులు పడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గడ్డిమైదానం

సిరి గారూ, నేను చేశాను. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, గ్రీన్‌కార్డ్ లేని విదేశీయులను కూడా తీసుకునే మావ్నీ పథకం కింద ఆర్మీలో చేరినవాణ్ని. ఆ పథకాన్ని 2016లో ఆపేశారు కాబట్టి ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. సర్వీసు అయ్యాక అందరూ ఐటీలోకి వెళ్లమన్నారు. నాకు గదిలో కూర్చోవడం అసలు పడలేదు, నిద్ర కూడా పట్టేది కాదు. అప్పుడు ఇలాంటి ఇంటర్న్‌షిప్ దొరికింది.

పని ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్నే రేంజ్ కంట్రోల్‌కి, అంటే ఫైరింగ్ స్థలాలను చూసుకునే ఆఫీసుకి ఫోన్ చేస్తాం. ఆ రోజు ఫైరింగ్ ఎక్కడుందో, ఏ ట్రెయినింగ్ ఏరియా ఖాళీగా ఉందో కనుక్కుని, వాళ్లు సరేనన్నాకే లోపలికి వెళ్తాం. వెళ్లాక రేడియో దగ్గరే ఉండాలి. పేలని మందుగుండు గురించి మొదటి వారంలోనే శిక్షణ ఇస్తారు: గుర్తించు, వెనక్కి తగ్గు, తెలియజెయ్యి. అనుమానంగా ఉన్న లోహపు ముక్కను ముట్టుకోవడం అన్న ప్రశ్నే ఉండదు. యూనిఫాంలో పనిచేసినవాళ్లకు, వాళ్ల ఇళ్లల్లో వాళ్లకు ఇదంతా కొత్తేం కాదు. మనలాంటివాళ్లను తీసుకోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. బేస్ పద్ధతులు నేర్పడానికే బయటివాళ్లకు సగం సీజన్ పోతుంది.

మేం వాడినది మోనార్క్ జాయింట్ వెంచర్ అనే సంస్థ నడిపే సమగ్ర సర్వే పద్ధతి. చూడాల్సిన స్థలాన్ని, అంటే ప్లాట్‌ని మనం ఎంచుకోం, ర్యాండమ్‌గా ముందే ఎంచి ఉంటుంది. అందులో గీతలు గీసుకుని నడుస్తూ, వరస ప్రకారం చట్రం నేల మీద పెట్టి, లోపల మిల్క్‌వీడ్ ఏ జాతిది, ఎన్ని కాడలున్నాయి, ఇంకా ఏ మొక్కలు పూలతో ఉన్నాయి అని రాసుకుంటాం. తర్వాత మిల్క్‌వీడ్ మొక్కల ఆకులు ఒక్కొక్కటీ తిప్పి గుడ్లు, లార్వాలు (గొంగళిపురుగులు) వెతుకుతాం. లార్వా ఐదు దశల్లో ఏ దశలో ఉందో రాయాలి. చివరికి ఎగిరే పెద్ద సీతాకోకచిలుకల లెక్క.

అన్నిటికన్నా కష్టం సున్నా రాయడం. గంటలకొద్దీ ఆకులు తిప్పినా ఒక్క గుడ్డు కనబడని రోజులుంటాయి. పక్కనే రోడ్డు వారగా మిల్క్‌వీడ్ గుబురుగా కనిపిస్తుంది, అక్కడ గుడ్లుంటాయని తెలుసు. కానీ అది మన ప్లాట్‌లో లేదు. వెళ్లకూడదు. ప్లాట్‌లో లేకపోతే లేవని రాసి రావాలి. చూసినవాళ్లు సున్నా అని నిజాయితీగా రాయకపోతే, వచ్చే ఏడు ఇదే చోట నాలుగు గుడ్లు దొరికితే అది మెరుగుదల అని ఎవరికీ తెలియదు. ఈ ఒక్క సంగతి వంటబట్టినవాళ్లే ఈ పనిలో నిలబడతారు.

రఘు_ప్లేనో

సిరి గారికి నా శుభాకాంక్షలు. కానీ నాదొక ప్రశ్న, మనస్ఫూర్తిగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఫిరంగులు పేలే చోట సీతాకోకచిలుకలేంటి? మిలటరీకి ఈ ఖర్చు ఎందుకు? ఇదంతా పేరు కోసం చేసే పనేమో అనిపిస్తోంది. రెండేళ్లలో నిధులు ఆగిపోతే ఈవిడ కష్టం వృథా కదా.

పరాగం

రఘు గారూ, నేను కీటకాల మీదే పనిచేస్తాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమెరికా రక్షణ శాఖ చేతిలో ఉన్న భూమి దాదాపు రెండున్నర కోట్ల ఎకరాలు. అందులో చాలా భాగం దశాబ్దాలుగా దున్నలేదు, కలుపు మందు కొట్టలేదు, ప్లాట్లు వేసి అమ్మలేదు. చుట్టుపక్కల అంతా మొక్కజొన్న, సోయా అయిపోయింది. కలుపు మందును తట్టుకునే విత్తనాలు వచ్చాక పొలాల్లో మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోయింది. మోనార్క్ లార్వా తినేది మిల్క్‌వీడ్ ఆకులే, ఇంకేదీ తినదు. అలాంటప్పుడు బేస్ లోపల మిగిలిన గడ్డినేల ఎంత విలువైనదో మీరే ఆలోచించండి.

ఫిరంగుల సంగతి అడిగారు. నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ శాటిర్ అనే చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. బాగా బతికింది గుళ్లు పడే ఫిరంగి రేంజ్‌లోనే! పేలుళ్ల వల్ల అప్పుడప్పుడూ మంటలు రేగుతాయి, చెట్లు కమ్ముకోకుండా నేల తెరిపిగా ఉంటుంది, దానికి కావలసింది అదే. పెన్సిల్వేనియాలో ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్‌లో రీగల్ ఫ్రిటిలరీ, వాషింగ్టన్ రాష్ట్రంలో లూయిస్-మెకార్డ్ బేస్‌లో టేలర్స్ చెకర్‌స్పాట్, విస్కాన్సిన్‌లో ఫోర్ట్ మెకాయ్‌లో కార్నర్ బ్లూ. ఇవన్నీ సైన్యం నేలల్లో నిలబడ్డ సీతాకోకచిలుకలు.

డబ్బు ఎందుకు పెడతారంటే, చట్టం ఉంది. 1960 నాటి సైక్స్ చట్టం ప్రకారం బేస్‌లు తమ భూముల్లోని వన్యప్రాణులను చూసుకోవాలి. 1997లో దాన్ని సవరించి, సహజ వనరులకు సమగ్ర ప్రణాళిక ఉండాలని తప్పనిసరి చేశారు. రెండో కారణం శిక్షణ. ఒక జాతి అంతరించే జాబితాలోకి ఎక్కితే, అది ఉన్న చోట శిక్షణకు ఆంక్షలు రావచ్చు. ఫోర్ట్ బ్రాగ్‌లోనే 1990ల్లో ఎర్ర కోకేడ్ వడ్రంగిపిట్ట విషయంలో అదే జరిగింది. తర్వాత ఓపికగా అడవిని బాగుచేస్తే పిట్టల సంఖ్య పెరిగి, 2006లో ఆ ఆంక్షలు సడలాయి. అంటే పిట్టకూ మేలు, సైన్యానికీ మేలు.

మోనార్క్ ఇప్పుడు సరిగ్గా ఆ గుమ్మంలో ఉంది. 2024 డిసెంబరులో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే ఫెడరల్ వన్యప్రాణి సంస్థ దాన్ని ముప్పు ఉన్న జాతిగా చేర్చాలని ప్రతిపాదించింది. ఏ బేస్‌లో ఎంత మిల్క్‌వీడ్ ఉంది, గుడ్లు ఎన్ని, ఏ నెలలో వస్తున్నాయి అన్న లెక్క లేకుండా ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు. సిరి గారు రాసే సున్నాలు, ఒకట్లు చేరేది అక్కడికే.

రఘు_ప్లేనో

థాంక్స్ అండీ. ఫిరంగి రేంజ్‌లో సీతాకోకచిలుక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. కానీ ఆంక్షలు తప్పించుకోవడానికే లెక్కపెడితే, తక్కువ చూపించాలనో ఎక్కువ చూపించాలనో ఒత్తిడి ఉండదా?

గడ్డిమైదానం

రఘు అన్నా, మంచి ప్రశ్న. నా మీద ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. కానీ అది మనుషుల మంచితనం మీద వదిలేసే విషయం కాదు. ప్లాట్ ర్యాండమ్‌గా ఎంచేది, అన్ని చోట్లా ఒకే ఫారం వాడేది, లెక్కలు బేస్ ఫైల్లో పడి ఉండకుండా దేశవ్యాప్త డేటాబేస్‌కి వెళ్లేది అందుకే. మనకు తెలియని ఇంకో మనిషి వచ్చి అదే ప్లాట్‌లో అదే పద్ధతిలో చూడగలగాలి. సైన్యం కారణం ఏదైనా కానివ్వు, నేల దున్నకుండా ఉంటే గుడ్డు పెట్టడానికి ఆకు ఉంటుంది. నాకది చాలు.

లక్ష్మి_లోంపాక్

సిరి అమ్మాయీ, నేను కాలిఫోర్నియా తీరం నుంచి. మా పెద్దవాడు ఎయిర్‌ఫోర్స్‌లో చేశాడు. మా దగ్గర వాండెన్‌బర్గ్ బేస్‌లోనూ మోనార్క్‌లు చలికాలం గడిపే తోపులున్నాయి. ఇక్కడి పని మీ కాన్సాస్ పనికి పూర్తిగా వేరు.

రాకీ పర్వతాలకు తూర్పున ఉన్నవి శీతాకాలానికి మెక్సికోలో మిచోకాన్ కొండల మీది ఫర్ అడవులకు వెళ్తాయి. పడమటివి మాత్రం ఎక్కువగా మా తీరంలోనే యూకలిప్టస్, మాంటెరీ పైన్, సైప్రస్ చెట్ల కొమ్మలకు గుత్తులుగా వేలాడతాయి. వాటిని లెక్కపెట్టాలంటే తెల్లవారుజామున వెళ్లాలి. చలికి రెక్క కదపలేవు కాబట్టి ఎగిరిపోవు. ఎండ పడిందా, ఇక లెక్క తప్పినట్టే. బైనాక్యులర్‌తో గుత్తిలో చిన్న భాగం చూసి, ఎన్నున్నాయో లెక్కపెట్టి, అలాంటి భాగాలు గుత్తిలో ఎన్నున్నాయో అంచనా వేస్తాం. ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకుంటాం. రెక్కలు మూసుకుని ఉంటే ఎండుటాకుల గుత్తిలాగే ఉంటుంది, కన్ను అలవాటు పడాలి.

ఈ లెక్క 1997 నుంచీ జరుగుతోంది, కీటకాల పరిరక్షణ సంస్థ జెర్సెస్ సొసైటీ చూస్తుంది. మొదటి ఏడు 12 లక్షలకు పైగా వచ్చాయి. 2020లో తీరం మొత్తం మీద 2 వేలు కూడా లేవు. ఇక అయిపోయింది అనుకున్నాం. మరుసటి ఏడు దాదాపు రెండున్నర లక్షలు! ఆ ఏడాది తోపుల్లో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారంటే నమ్ము. మళ్లీ 2024లో 9,119కి పడిపోయాయి. ఇలాంటి ఎగుడుదిగుడు లెక్కలో ఒక్క ఏడాది ఆపినా చాలా పోతుంది. రఘు గారన్న నిధుల భయం నాకూ ఉంది, అందుకే జీతమున్నవాళ్లతో పాటు మాలాంటి వలంటీర్లు కూడా ఉండాలంటాను.

ఇంకో మాట. ఇక్కడ మన తెలుగు ఇళ్లవాళ్లు చాలామంది ప్రేమకొద్దీ పెరట్లో ఎర్ర-పసుపు పూల ఉష్ణమండల మిల్క్‌వీడ్ పెంచుతున్నారు. దయచేసి వద్దు. అది చలికాలంలో కూడా ఎండిపోదు, ఓఈ అనే పరాన్నజీవి ఆకుల మీద పేరుకుని తరం నుంచి తరానికి అంటుకుంటుంది. చలికాలపు తోపులకు ఐదు మైళ్లలోపు అయితే స్థానిక మిల్క్‌వీడ్ కూడా నాటవద్దంటారు, తేనె ఉన్న పూలమొక్కలు పెంచండి చాలు.

హారిక_హెచ్4

నేను హెచ్4 మీద, అంటే జీవిత భాగస్వామి వీసా మీద ఆధారపడి ఉన్నాను, ఈఏడీ (పనిచేసే అనుమతి) లేదు. మా కుటుంబంలో మిలటరీ ఎవరూ లేరు. సిరి గారి పోస్ట్ చూసి ఆశ పుట్టింది. నాకు దారేమైనా ఉందా?

పరాగం

హారిక గారూ, భృతి ఇచ్చే ఇంటర్న్‌షిప్ మీకు కుదరదు. అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సేవా కార్యక్రమం ద్వారా నడిచేవాటికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. బేస్ లోపలికి అనుమతి ఇంకో గడప. కానీ మీరు చూసిన మోనార్క్‌ని జర్నీ నార్త్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయడానికి ఇవేవీ అక్కర్లేదు. మాన్‌సూన్ ఎప్పుడొచ్చిందో మనం రాసుకున్నట్టు, అక్కడ వేలమంది మొదటి మోనార్క్, మొదటి గుడ్డు, మొదటి మిల్క్‌వీడ్ మొలక ఎప్పుడు కనబడ్డాయో రాస్తారు. వలస దారి మ్యాపులు వాటితోనే తయారవుతాయి. గుడ్లు, లార్వాలు ప్రతి వారం చూసే ఓపిక ఉంటే, మిన్నెసోటా యూనివర్సిటీలో మొదలైన లార్వా పర్యవేక్షణ ప్రాజెక్టు కూడా ఉంది. ఊరి పార్కులో పది మిల్క్‌వీడ్ మొక్కలున్నా సరిపోతుంది.

హవల్దార్_మాధవరం

నేను ఇండియన్ ఆర్మీలో చేసి రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరిలో, మిలటరీ మాధవరం అని అందరూ పిలిచే ఊరు. మా అమ్మాయి అమెరికాలో ఉంది, ఆమె చూపిస్తే ఇదంతా చదివాను.

సిరి తల్లీ, మీ అత్తగారితో ఒక మాట చెప్పు. ఈ పని సిపాయిలకు కొత్త కాదు. మన దేశంలో 1982లోనే టెరిటోరియల్ ఆర్మీలో పర్యావరణ బెటాలియన్ పెట్టారు. గఢ్వాల్ మాజీ సైనికులను తీసుకుని, సున్నపురాయి గనులతో బోడిగా మారిన ముస్సోరీ కొండల మీద మొక్కలు నాటించారు. ఆ కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. చెప్పిన చోటికి, చెప్పిన వేళకి వెళ్లి, చూసింది చూసినట్టు రిపోర్టు రాయడం సిపాయికి మొదటి రోజు నుంచీ నేర్పే విద్య. గడ్డిమైదానం బాబు సున్నా రాయడం గురించి చెప్పింది చదివి చాలా సంతోషం వేసింది. గస్తీలో ఏమీ కనబడలేదన్న రిపోర్టు కూడా రిపోర్టే.

మా అమ్మాయి చూపించిన మిల్క్‌వీడ్ ఫొటో చూస్తే మా గట్టు మీది జిల్లేడు గుర్తొచ్చింది. రెండూ చుట్టాలా?

పరాగం

బాబాయ్ గారూ, చుట్టాలే, ఒకే కుటుంబం. మన జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజరంగు ప్లెయిన్ టైగర్ కూడా మోనార్క్‌కి దగ్గర బంధువు. ఆ మొక్కల పాలలోని విషాన్ని లార్వా ఒంట్లో దాచుకుంటుంది, పిట్టలు తినడానికి జంకుతాయి. సిరి గారూ, చిన్నప్పుడు జిల్లేడాకు కింద చారల పురుగును చూసి ఉంటే, మీ కన్ను సగం తయారైనట్టే.

సిరి_జంక్షన్‌సిటీ

చూశానండీ, మా మేనమామ వాళ్ల చేను గట్టు మీద! అందరికీ ఎంత థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. హవల్దార్ గారి మాట అత్తయ్యగారికి చదివి వినిపించాను. “పెద్దాయన చెప్పాక ఇంకేముంది, పాపను నేను చూసుకుంటాలే” అన్నారు.

ఇక డిగ్రీ, ట్రాన్స్‌ఫర్, డబ్బు విషయాలు ఎవరైనా చెప్తారా?

గడ్డిమైదానం

చెప్తాను అక్కా.

డబ్బు తక్కువ. జీతం అనరు, జీవన భృతి అంటారు. ఇల్లు గడవడానికి దీన్నే నమ్ముకుంటే కష్టం, హౌసింగ్ అలవెన్సు వచ్చే కుటుంబానికైతే పరవాలేదు. అమెరికార్ప్స్ ద్వారా అయితే చివర్లో చదువుకు అవార్డు వస్తుంది. ఏడాది పూర్తిగా 1,700 గంటలు చేసినవాళ్లకు 2024లో అది 7,395 డాలర్లు. తక్కువ గంటలైతే తక్కువ. ఆ మొత్తం మీద టాక్స్ కట్టాలి. ఫుల్‌టైమ్ అయితే పిల్లల సంరక్షణకు సాయం కూడా అడగొచ్చు.

ట్రాన్స్‌ఫర్ వస్తే భయపడొద్దు. జీవిత భాగస్వామికి బదిలీ కావడాన్ని సరైన కారణంగానే తీసుకుంటారు. మొత్తం గంటల్లో కనీసం 15 శాతం చేసి ఉంటే, చేసినంతకు అవార్డు ఇస్తారు. కాకపోతే ముందే రాతపూర్వకంగా చెప్పి, ప్రోగ్రామ్ వాళ్ల ఆమోదం తీసుకున్నాకే వెళ్లాలి. చెప్పకుండా వెళ్లిపోతే ఏమీ రాదు.

డిగ్రీ విషయం శ్రద్ధగా వినండి. ఇంటర్న్‌షిప్‌కి బీజెడ్‌సీ చాలా ఎక్కువే. కానీ రేపు ఫెడరల్ వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్ ఉద్యోగానికి, అంటే 0486 సిరీస్‌కి వెళ్లాలంటే జువాలజీలో 12, బోటనీలో 9, వైల్డ్‌లైఫ్ సబ్జెక్టుల్లో 9 సెమిస్టర్ గంటలు (క్రెడిట్లు) చూపించాలి. మొదటి రెండూ మీ బీజెడ్‌సీలో వచ్చేస్తాయి, మూడోది సాధారణంగా ఉండదు. ఆ అవార్డు డబ్బుతో ఇక్కడ ఆ కోర్సులు చదువుకోవచ్చు. విజయనగరం నుంచి ట్రాన్‌స్క్రిప్ట్‌లు ఇప్పుడే తెప్పించి క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్, అంటే ఇక్కడి చదువుతో పోల్చి విలువకట్టడం చేయించండి, కోర్సు వారీగా చేసే రకం తీసుకోండి. మూడేళ్ల డిగ్రీని ఒక్కో సంస్థ ఒక్కోలా చూస్తుంది. పౌరసత్వం దరఖాస్తు కూడా మొదలుపెట్టండి, చాలా ఫెడరల్ ఉద్యోగాలకు అదే మొదటి మెట్టు. అది వచ్చాక సైనికుల భార్యలకు పోటీ లేకుండా తీసుకునే వెసులుబాటు ఒకటుంది.

పబ్లిక్ ల్యాండ్స్ కోర్ అనే మాట కూడా వింటారు, ప్రభుత్వ భూముల్లో పనిచేసే యువత కోసం పెట్టిన పథకం అది. 640 గంటలు పూర్తిచేస్తే రెండేళ్ల పాటు కొన్ని శాఖల్లో ఉద్యోగాలకు ప్రత్యేక అర్హత వస్తుంది. వయసు 30 దాకా, మాజీ సైనికులైతే 35 దాకా. కానీ అది అన్ని ఇంటర్న్‌షిప్‌లకూ వర్తించదు, బేస్ భూమి మీద చేసేదానికి ఉందా లేదా అని ఇంటర్వ్యూలోనే అడగండి.

నిధుల విషయంలో రఘు అన్న భయం నిజమే. 2025 ఏప్రిల్‌లో అమెరికార్ప్స్ గ్రాంట్లు దాదాపు 40 కోట్ల డాలర్లవి ఒక్కసారిగా రద్దు చేశారు. సీజన్ మధ్యలో చాలామంది ఇంటికెళ్లిపోవాల్సి వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో కోర్టు ఉత్తర్వుతో తిరిగొచ్చాయి. కాబట్టి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఈ ఏడాదికి ఖాయమా అని మొహమాటం లేకుండా అడగండి. జవాబు తిన్నగా చెప్పేవాళ్ల దగ్గర చేరండి.

రఘు_ప్లేనో

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ తమ్ముడూ. ఈ సెప్టెంబరు చివర, అక్టోబరులో మోనార్క్‌లు మా టెక్సాస్ మీదుగానే దక్షిణానికి వెళ్తాయని చదివాను. మా అబ్బాయితో కలిసి జర్నీ నార్త్‌లో రాయడం మొదలుపెడతాను.

లక్ష్మి_లోంపాక్

చాలా సంతోషం రఘు గారూ. సిరీ, ఇంటర్వ్యూలో ఒక్కటి తప్పకుండా చెప్పు. ఏళ్ల తరబడి ఉద్యోగం లేదని నీలో నువ్వే చిన్నబుచ్చుకోకు. ట్రాన్స్‌ఫర్లు, డిప్లాయ్‌మెంట్‌లు, పాపతో ఒంటరిగా ఇల్లు నడపడం, కొత్త ఊళ్లో ప్రతిసారీ మొదటి నుంచి అన్నీ సర్దుకోవడం, ఇదంతా చెప్పు. ఇలాంటి ప్రోగ్రామ్ పెట్టినవాళ్లకు ఆ జీవితం తెలుసు, వాళ్లు వెతుకుతున్నది నీలాంటివాళ్ల కోసమే.

సిరి_జంక్షన్‌సిటీ

తప్పకుండా చెప్తాను లక్ష్మి గారూ. ఈ రాత్రికే దరఖాస్తు పంపుతున్నాను. తమ్ముడూ, ఎంపికైతే వేసవికి ఏమేం సిద్ధం చేసుకోవాలి? గుడ్డు గుర్తుపట్టడం ఇప్పటినుంచే నేర్చుకోవచ్చా?

గడ్డిమైదానం

చీలమండ పైదాకా వచ్చే బూట్లు, పొడుగు చేతుల లేతరంగు చొక్కా, వెడల్పు టోపీ. ప్యాంటు అంచులు సాక్స్‌లోకి దోపుకోండి, కాన్సాస్ గడ్డిలో టిక్ పురుగులు విపరీతం. బట్టలకు పర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందురోజే కొట్టి ఆరబెట్టుకోండి. కానీ ఆ బట్టలతో, ఆ చేతులతో మిల్క్‌వీడ్ ఆకులు తాకొద్దు, అది లార్వాలను చంపేస్తుంది. మీ సూపర్‌వైజర్ ఏది వాడమంటే అదే వాడండి. మిల్క్‌వీడ్ పాలు అంటిన చేతులతో కళ్లు నులుముకోవద్దు. తాకితే దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఐవీ ఆకు ఫొటోలు చూసి గుర్తుపెట్టుకోండి.

గుడ్డు గుండుసూది తలంత ఉంటుంది, మీగడ రంగు, పైనుంచి కిందికి సన్నని గాడులు. ఎక్కువగా లేత ఆకుల అడుగున, ఒక్కొక్కటిగా పెడుతుంది. గుంపుగా పసుపుపచ్చగా కనిపించేవి పేనుబంక, మోసపోవద్దు. నున్నగా మెరిసే తెల్లచుక్క అయితే అది ఆకు నుంచి కారిన పాలు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం కొనుక్కుని మెడలో వేసుకోండి. మీ వైపు మోనార్క్‌లు ఏప్రిల్, మే నెలల్లో చేరుకుంటాయి, మొదట మొలిచే మిల్క్‌వీడ్ మీదే గుడ్లు పెడతాయి. ఇంటర్న్‌షిప్ మొదలయ్యేదాకా ఆగక్కర్లేదు, ఊరి చివర పార్కులో ఇప్పుడే ఆకులు తిప్పడం మొదలుపెట్టండి. ఫొటో తీసి ఇక్కడ పెడితే గుడ్డో కాదో మేం చెప్తాం.